పొద్దుటి బరువు

నా నోరు మంచిది కాదని మా వాళ్ళందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఢిల్లీలో కూరగాయల బళ్ళవాళ్ళతో హిందీలో పోట్లాడి పోట్లాడి అది ఇంకా పదునెక్కింది. అలాంటి నేను ఆ శనివారం సాయంత్రం జనక్‌పురిలో మా గేటు ముందు ఒక్క మాటా రాక నిలబడిపోయాను.

ఆవుల బండి వచ్చింది. గోశాల వాళ్ళ రిక్షా అది. వెనక రెండు పెద్ద డ్రమ్ములు, ముందు మైకులో భజన. ఈ వీధుల్లో ఇంటింటా ఆవు కోసం ఒక రొట్టె పక్కన పెడతారు, మాకూ అలవాటైంది. రోజూ ఆ రొట్టె ఆఫీసు సంచీలోనే పెట్టుకెళ్ళి, సాయంత్రం వస్తూ బండిలో వేసేది మా ఆయన త్యాగరాజు. శనివారం ఆఫీసు లేదు, ఆయన పడుకుని ఉన్నాడు. సరే కదా అని నేనే పట్టుకెళ్ళాను.

బండివాడు నా చేతిలోకి చూసి, "బస్ ఏక్ రోటీ, ఆంటీజీ? అంకుల్‌జీ తో రోజ్ పూరా డబ్బా దేతే హై. దాల్, చావల్, సబ్జీ, సబ్ కుఛ్. బడే ధర్మాత్మా హై," అన్నాడు.

రోజూ డబ్బా మొత్తం! పప్పూ, అన్నం, కూరా! ధర్మాత్ముడట!

నేను పొద్దున్నే ఐదింటికి లేచి, కాచి చల్లార్చిన నీళ్ళతో కూరలు మూడుసార్లు కడిగి, వండి ఆయన ఆఫీసుకి కట్టిన డబ్బా అది. సాయంత్రం ఖాళీగా తిరిగొస్తే తోముతూ ఎంత పొంగిపోయేదాన్నో. రాత్రికి ఆయన గ్లాసుడు మజ్జిగ తాగి, "మధ్యాహ్నం బాగా తిన్నా కుమారీ," అంటే నమ్మాను. పోయిన వారమే పెద్ద డాక్టరు, "ఏం తింటున్నారు?" అని అడిగితే, "డబ్బా ఊడ్చేస్తారండీ," అని గొప్పగా చెప్పాను కూడా. ఆ డాక్టరు నా వంక అదోలా చూసి, "లివర్ బాగానే ఉందమ్మా, మనిషే తరిగిపోతున్నాడు. ఇలాగైతే చిన్న జ్వరం వచ్చినా తట్టుకోలేడు," అని చెప్పి, అదే ఆసుపత్రిలో మనసు డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఆయనకి పిచ్చా? ఆ చీటీ తెచ్చి ఫ్రిజ్ మీద పడేశాను.

బండి వెళ్ళిపోయింది. నేను లోపలికొచ్చి కాలు కాలిన పిల్లిలా వంటింట్లోకీ హాల్లోకీ తిరిగాను. మా అమ్మాయి ప్రవల్లిక సోఫాలో కూర్చుని ఉంది. గ్రేటర్ నోయిడాలో ఉద్యోగం, శని ఆదివారాలు ఇక్కడే. "క్యా హువా అమ్మా, కూర్చో," అంది. కూర్చోలేకపోయాను.

అసలు మా కథ మొదలైందే బరువుతో. మా ఆయన ఒక్క చుక్క ముట్టని మనిషి. ఆఫీసులో సగం మంది ఇప్పటికీ నమ్మరు, అది వేరే సంగతి. స్వీట్లు, నెయ్యి, పొద్దస్తమానం కుర్చీ. లివర్‌కి కొవ్వు పట్టి, పట్టి, గట్టిపడిపోయిందన్నారు. పొట్టలో నీరు చేరేది. రోజూ పొద్దున్నే మిషనెక్కి బరువు చూడమన్నారు, పెరిగిందంటే నీరే, పరిగెత్తుకు రండి అన్నారు. మా ఆడపడుచు రేవతి వదిన విజయవాడ నుంచి ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పొద్దున్నే నేను అందులో అంకె పెట్టేదాన్ని. తగ్గితే చుట్టాలందరూ చప్పట్లు, పువ్వులు, "శుభం". పెరిగితే ఏడుపు మొహాలు. ఆ అంకెతోనే మాకు తెల్లారేది.

పద్నాలుగు నెలల కింద ప్రవల్లిక తన లివర్లో సగానికి పైగా వాళ్ళ నాన్నకిచ్చింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. నీరు పోయింది. కానీ మిషను మాత్రం బాత్రూమ్ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. దాన్ని తియ్యాలని ఎవరికీ తోచలేదు. అరవై ఆరు, అరవై రెండు, యాభై ఎనిమిది, యాభై మూడు. గ్రూపులో చప్పట్లు ఆగలేదు. అంకె పెట్టిందీ నేనే, ముందు చప్పట్లు కొట్టిందీ నేనే.

ఇంతలో ఆయన కళ్ళు నులుముకుంటూ హాల్లోకొచ్చాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది ఒంటి మీద.

"ఆవులు బాగున్నాయా?" అన్నాను.

"ఏ ఆవులు?"

"నా వంట తిని బలిసిన ఆవులు! బండివాడు చెప్పాడు లెండి. మీరు ధర్మాత్ములట! ఇంట్లో మనిషి ఎండిపోతుంటే గోవులకి సంతర్పణా? పోనీ నాతో చెప్పచ్చుగా, డ్రమ్ములోకే నేరుగా వండేదాన్ని!"

ఆయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆకలెయ్యదు కుమారీ."

"అబద్ధం. నిన్న నేను పోపు పెడుతుంటే గుమ్మంలో నిలబడి వాసన చూశారు. నేను చూడలేదనుకున్నారా?"

ఆయన కూతురి వైపు చూడకుండా అన్నాడు. "ఆకలేస్తుంది. వేస్తే భయమేస్తుంది. ముద్ద నోట్లో పెట్టుకోగానే అది పోయి లివర్ మీద తెల్లగా పేరుకుంటున్నట్టే ఉంటుంది. అప్పట్లో స్కాన్లో చూపించారుగా. నాది నేనే తిని పాడుచేసుకున్నా. ఇది నాది కాదు, పిల్లది. దీన్ని కూడా పాడుచెయ్యమంటావా? పొద్దున్నే అంకె తగ్గిందనుకో, హమ్మయ్య, ఇవాళ్టికి దాన్ని కాపాడాను అనిపిస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. నువ్వూ కొడతావు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి, తెరిచినట్టే కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడాదిగా ఈ మనిషి పస్తులుంటుంటే రోజూ భేష్ భేష్ అన్నది నేనే.

ప్రవల్లిక లేచి వెళ్ళి ఆయన ముందు నేల మీద కూర్చుంది. అది తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోతుంది ఎప్పుడూ. ఆ రోజు మాత్రం ఆగి ఆగి తెలుగులోనే చెప్పింది.

"నాన్నా, నాది ఎప్పుడో పెరిగిపోయింది. తిని పెంచుకున్నా. ఆపరేషన్ తరవాత అమ్మ రోజుకి ఆరుసార్లు పెట్టింది, గుర్తుందా? నీకిచ్చింది నీది. దానికి కూడా తిండి కావాలి. నువ్వు దాన్ని కాపాడట్లేదు నాన్నా, మాడుస్తున్నావు."

ఆయన చెయ్యి పొట్ట మీద కోత మచ్చ దగ్గరకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

నేను ఫ్రిజ్ మీద నుంచి చీటీ తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. సోమవారం పదకొండింటికి రమ్మన్నారు. "ఆయన మొండికేస్తున్నారండీ," అని నేనంటే, "మొండితనం కాదమ్మా, ఇదీ జబ్బే. లివర్ మార్పిడి అయినవాళ్ళలో చూస్తూనే ఉంటాం. అప్పటిదాకా పక్కన కూర్చుని తినిపించండి, వాదించకండి," అంది అవతలి అమ్మాయి. వాదించకుండా ఉండటం నాకెంత కష్టమో ఆవిడకేం తెలుసు!

ఆ పూట పెరుగన్నం కలిపి ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ప్రతి ముద్దకీ ఆయన మొహంలో ఏదో వణికేది. మూడుసార్లు లేచాడు, మూడుసార్లు కూర్చున్నాడు. నేను పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. గంట పట్టింది. గిన్నెలో సగం అయింది.

ఆదివారం నేను లేచేసరికే ఆయన మిషను మీద ఉన్నాడు. నిన్న యాభై పాయింట్ తొమ్మిది, ఇవాళ యాభై ఒకటి పాయింట్ మూడు. మొహం పాలిపోయింది. ప్రవల్లిక పెట్టిన ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చుని, దాన్ని వేలితో అవతలికి నెట్టాడు.

ఇంకా అంకె పెట్టలేదని గ్రూపులో రేవతి వదిన అప్పటికే అడుగుతోంది. పెట్టాను. క్షణంలో ఏడుపు మొహాలు నాలుగొచ్చాయి. "అయ్యో, పెరిగిందా? మళ్ళీ నీరేమో చూడు కుమారీ, డాక్టరుకి చెప్పు," అని వదిన.

ఆయన నా భుజం మీదుగా ఫోన్లోకే చూస్తున్నాడు. ఊపిరి నా చెవికి తగులుతోంది. ఈ గ్రూపులో ఇదే నా ఆఖరి అంకె అని కూడా రాద్దామనుకున్నాను, అది తరవాత చూద్దాంలే.

"నీరు కాదు వదినా. అన్నం," అని రాశాను.

ఆయన ఆ మాట రెండుసార్లు చదివాడు. "అన్నమేనంటావా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అన్నమే. నేను కలిపిందే."

ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. ప్రవల్లిక మిషను తీసి తన బ్యాగులో పెట్టుకుంది. ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఇడ్లీ అంచు తుంచి, దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. నోట్లో పెట్టుకున్నాడు.