నడుము పట్టీ

కుట్టుమిషను పెడలు ఆమె పాదాల కింద ఆడుతూనే ఉంది. ఆకుపచ్చ దుప్పటి మధ్యలో కత్తిరించిన రంధ్రానికి అంచు మడిచి కుడుతోంది. ఆపరేషన్ అప్పుడు రోగి మీద కప్పే దుప్పట్లవి. కోసే చోటు ఒక్కటే ఆ రంధ్రంలోంచి కనబడుతుంది. పెద్దవాళ్లకు జానెడు, పిల్లలకు బెత్తెడు. ఆ ఆసుపత్రి కుట్టు గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నా, బెత్తెడు రంధ్రం కింద ఎవరి పొట్ట ఉంటుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఆరు రోజుల క్రితం తన కూతురిదే ఉంది.

తొమ్మిదేళ్ల పిల్ల. అండాశయం మీద గడ్డ. తీసేసి పరీక్షకు పంపారు. మంచిదో చెడ్డదో ఈరోజు నాలుగింటికి చెబుతామన్నారు. పై అంతస్తులో పిల్ల దగ్గర తండ్రి ఉన్నాడు. తను ఎదురుగా కూర్చుంటే మొహమే అంతా చెప్పేస్తుందని భయపడి ఆమె పనిలోకి వచ్చింది.

"టైమెంతయింది అన్నయ్యా?"

"ఇప్పుడేగా అడిగావు! నీ దెబ్బకు గడియారం కూడా బెదిరి నిలబడిపోయిందమ్మా," అన్నాడు పక్క బల్ల మీద ఇస్త్రీ చేస్తున్న ముసలాయన. నవ్వించాలనే అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

సంచిలో పిల్ల బడి స్కర్టు ఉంది. ఇప్పుడు నడుము బిగించాలి. తెచ్చింది గానీ, బయటికి తీయడానికి చేతులు రాలేదు. దాని నడుము పట్టీని మూడుసార్లు వదులు చేసింది తనే. ప్రతిసారీ టేపు చుట్టి, "ఏం తింటున్నావే బొజ్జమ్మా, గుడ్డ చాలడం లేదు!" అని పొట్ట గిల్లేది. పిల్ల కిలకిలా నవ్వేది. బట్టలు కొనుక్కునే తల్లి అయితే స్కర్టు పట్టనప్పుడే ఆగి చూసేదేమో. చేతిలో విద్య ఉండబట్టి ఈమె అంగుళం అంగుళంగా ఆ గడ్డకు చోటిచ్చుకుంటూ పోయింది. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండి పొట్ట ఒక్కటే ఎందుకు పెరుగుతోందని టేపు అడగదు, తల్లి అడగొద్దా? చివరికి బడిలో ఆటల టీచరు చూసి కబురంపింది.

నాలుగింటికి మెట్లెక్కి పైకి వెళ్లింది. డాక్టరమ్మ కాగితం చదివి తలెత్తింది.

"చెడ్డ గడ్డ కాదమ్మా. లోపల వెంట్రుకలూ ఒక పన్నూ ఉన్నాయి. కొంతమంది పిల్లల్లో ఇలాంటివి పెరుగుతాయి. అండాశయాన్ని చాలామటుకు కాపాడాం. అప్పుడప్పుడూ తీసుకొచ్చి చూపించు, చాలు."

"నేను ముందే చూసుకునుంటే..."

"నీ వల్ల వచ్చింది కాదు. ఇంటికి తీసుకెళ్లు."

గోడ పట్టుకుని తనివితీరా ఏడ్చింది. భయం వదిలిందనుకుంది. వార్డులో కూతుర్ని చూడగానే, కళ్లు మొహం మీదికి కాక తిన్నగా పొట్ట మీదికే పోయాయి.

"అమ్మా, బొజ్జమ్మా అని పిలవడం మానేశావేం?"

ఆమె పిల్ల జుట్టు సర్ది, సంచి తెస్తానని కిందికి వచ్చింది.

స్కర్టు తీసి, పట్టీ కుట్టు విప్పింది. మళ్లీ కుట్టబుద్ధి కాలేదు.

"ఇస్త్రీ చేసి ఉంచనా అమ్మా?"

"వద్దన్నయ్యా. కొత్తది కుడతాను. ఈసారి కొలతలు కాదు, పిల్లను చూసి కుడతాను."

పిల్లను మధ్యలో నడిపించుకుంటూ తల్లీ తండ్రీ మెల్లగా గేటు దాటారు. మిషను మీద నీలం స్కర్టు ఉండిపోయింది. నడుము దగ్గర మూడు వరసల సూది పోట్లు, వాటి మధ్య ఇన్నాళ్లూ మడతలో దాగి వెలిసిపోని నీలం.