ఇరవై ఏడో నంబరు

హాజరు పిలుస్తున్నాను, ఎంత పిలిచినా ఇరవై ఆరు దాటడం లేదు, ముందు వరుసలో క్లాసురూము బల్లలే ఉన్నాయి గానీ వెనక్కి చూసేసరికి అవి పలాస బస్సు సీట్లయిపోయి, కిటికీల్లోంచి జీడితోటలు వెనక్కి పోతున్నాయి. జేబులో ఫోను ఆగకుండా కుయ్యిమంటోంది. విసుగొచ్చి "ఇరవై ఏడు!" అని అరుస్తాను.

"ప్రెజెంట్ సార్."

"ఎవరా ప్రాక్సీ?" అంటాను అలవాటుగా. కిటికీ పక్క సీట్లోంచి శాలువా కప్పుకుని దమయంతి లేస్తుంది. డెంగీతో ఆ పిల్ల పోయి మూడు వారాలైందని నాకు తెలుసు, అయినా రికార్డు తెచ్చావా అని అడగబోతాను. ఆమె చేతిలో మడత పెట్టిన లీవ్ లెటర్ అలాగే ఉంది. జ్వరంగా ఉంది, ఇంటికి వెళ్తానని తెచ్చిన కాగితం. హాజరు డెబ్బై నాలుగు శాతమే ఉంది, వెళితే పరీక్షకు కూర్చోనివ్వరని నేను సంతకం పెట్టకుండా తిప్పి పంపిన కాగితం.

"ఇటివ్వు, పెడతాను" అంటాను. పెన్ను రాయదు. ఎంత గీకినా రాయదు. నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది.

"అదిప్పుడెందుకు సార్? మా నాన్న సంగతి చూడండి. నేను క్లాసుకి రాలేదని రోజూ మెసేజీ వెళ్తంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ఆపీసి, కళ్ళజోడు ఎట్టుకుని మరీ సదువుతాడు."

బస్సు ఈలోగా ఆఫీసు వరండా అయిపోతుంది, ప్రతి కిటికీలోనూ ఆమె పేరు హాజరు పట్టీలోంచి తీసేయమన్న నా అర్జీయే ఉంది, నాకు కోపం తన్నుకొస్తుంది. "నేనేం ఖాళీగా కూర్చున్నానా? మూడు వారాలుగా వీళ్ళ చుట్టూ తిరుగుతున్నాను. సెమిస్టరు మధ్యలో పేరు తీయడం కుదరదట. మరణ ధ్రువపత్రం మీ నాన్నే స్వయంగా తెచ్చివ్వాలట. ఆయన్నేమని అడగను? సంతాప సభ పెట్టారు, రెండు నిమిషాలు నిలబడ్డారు, మనసు విప్పి మాట్లాడండని గోడల నిండా పోస్టర్లు అంటించారు, ఈ ఒక్క మెసేజీ మాత్రం ఆపలేరు!"

"లావణ్య మాట్లాడింది కద సార్."

లావణ్య ఈమె రూమ్మేటు. పోయిన వారం ఇరవై ఏడు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అన్నది. పోయిన పిల్లకు ప్రాక్సీ ఏమిటని, వేళాకోళమనుకుని బయటికి పొమ్మన్నాను. "సార్, ఆళ్ళ నాన్నకి..." అంటూ ఏదో చెప్పబోయింది, నేను విననే లేదు.

"ఆఫీసుదేటుంది సార్," అంటుంది దమయంతి మెల్లగా. "యాప్‌లో నేను రాలేదని రోజూ ఎర్రచుక్క నొక్కుతున్నది మీరే కదా."

"దొంగ హాజరు వెయ్యమంటావా?"

"నాకు ఒక్క శాతమే తక్కువన్నారు. ఇప్పుడైనా వెయ్యండి సార్."

ఫోను మళ్ళీ కుయ్యిమంటుంది, వరండా చివర ఎవరో కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నారు, వద్దు, చదవకండి అని అరుస్తూ అటు పరిగెత్తబోతాను.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం, స్టాఫ్‌రూములో, ఫోను పట్టుకునే కునికాను. హాజరు యాప్ తెరిచే ఉంది. ఆ సెక్షన్‌కు మెంటర్‌ని కాబట్టి రోజూ హాజరు ఎక్కించేది నేనే. అందరికీ ఆకుపచ్చ చుక్కలు పెట్టేశాను, ఇరవై ఏడు ఒక్కటే మిగిలింది, దాని మీద నా బొటనవేలి చెమట మరక.

ఆకుపచ్చ నొక్కి పంపేశాను. ఎవరైనా గైర్హాజరైతే ఇంటికి వెళ్ళే మెసేజీ నాకూ ఒకటి వస్తుంది. చాలాసేపు ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. కుయ్యిమనలేదు.