వలలో వదులు

తెగిన దారాలు రెండింటినీ ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించి, దారం చుట్టిన కండెను కిందినుంచి పైకి దూర్చి, ముడి బిగిసేదాకా ఊపిరి బిగబట్టింది వలమ్మ. ముడి పడింది. మిగిలిన దారాన్ని పళ్లతో కొరికి, నాలుకకంటిన నల్లటి పోగును ఊసి, పక్క చిరుగుకి జరిగింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తప్ప కనబడనంత సన్నటి దారం అది. పిట్ట కంటికి ఆనకూడదనే అంత సన్నగా చేస్తారట.

విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యం, పర్యావరణ సంరక్షణ మీద పీజీ చేసే పిల్లల విభాగం ఆ మేడంతా. మెట్ల కింది గది మాత్రం ఆమెది. పిల్లలు చిత్తడి నేలల్లో రెండు గెడల మధ్య వల కడతారు. పడిన పిట్టను తూచి, కొలిచి, కాలికి చిన్న కడియం తొడిగి ఎగరేస్తారు. ముళ్లకీ కొమ్మలకీ చిరిగిన వలలు ఈ గదికి వస్తాయి. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నాపెద్దా అందరికీ వలమ్మే.

బాగుచేసిన వలలు కొక్కేలకు నల్లటి పొగలా వేలాడుతుంటాయి. వాటి వెనక మూలలో, నడుం దాకా తడిసిన మనిషి నిలబడి ఉన్నాడని ఆమెకి ఎప్పుడూ అనిపిస్తుంది. తల తిప్పి చూడదు. చూస్తే ఉంటాడేమోనని ఒక భయం, లేకపోతే ఎలాగని ఇంకో భయం.

ఆమె భర్త చేపలు పట్టేవాడు. వల అల్లి ఇచ్చేది ఆమె. ఒకనాటి పొద్దున వల అడుగున వదులుగా జారిన చోట ఆయన కాలు చుట్టుకుంది. నీళ్లు నడుములోతే. ఈతలో ఆయన్ని మించినవాడు లేడని ఊరంతా చెప్పుకునే మనిషి. పైకి తీశాక కాలికి చుట్టుకున్న వలను విడదీసింది కూడా ఆమే, ముడి ముడీ. చంకలో పిల్లతో ఈ మేడ ఊడ్చే పనికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ మూలపడ్డ వలలో చిరుగు కనబడితే కూర్చుని అల్లేసింది. అది చూసిన విభాగం పెద్దసారు చీపురు వేరేవాళ్లకిచ్చి, ఈ గది తాళం ఈమెకిచ్చాడు.

చంకలో పిల్ల ఇప్పుడు అదే మేడలో, ఒకప్పుడు తల్లి ఊడ్చిన తరగతిలో కూర్చుంటోంది. చలికాలంలో రెల్లులోకి వచ్చి తలదాచుకునే చిన్న గోధుమరంగు పిట్ట మీద దాని చదువు. ఆ పిట్ట కంటపడదు, చలికాలంలో కూయదు. వలలో పడితేనే ఉన్నట్టు. కూతురు రెల్లుకి బయల్దేరిన ప్రతిసారీ వలమ్మకి పాము, పిడుగు, జీపు బ్రేకు, అన్నిటికన్నా ముందు నీళ్లు గుర్తొచ్చేవి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడు ఎంచేసరికే ఆమెకి పొద్దుగూకేది. మేలు దాకా ఏనాడూ రాలేదు.

అలాంటిది ఇవాళ లేస్తూనే ఆమె మనసు తేలిగ్గా ఉంది. రెండు చలికాలాలుగా వలలు దాదాపు ఖాళీగానే వచ్చాయి. పిట్టలు వెళ్లిపోయాయని మధ్యాహ్నం పెద్దసారు ముందూ, ఏ చిత్తడిని కాపాడాలో తేల్చే కమిటీ ముందూ కూతురు చెబుతుంది. ఆ తరవాత ఆ నేలను జాబితాలోంచి తీసేస్తారట, మట్టి పోసి చదును చేస్తారట. ఆ మాట చెప్పేటప్పుడు కూతురి మొహం చిన్నబోయింది గానీ వలమ్మ లోలోపల పోస్తే పోయనీ అనుకుంది. మట్టిలో ఎవరూ మునగరు కదా.

టీ వేళకి జీపు డ్రైవరు గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. ఏది చెప్పినా నవ్వులాటగా చెప్పే మనిషి. పైవాళ్లు దిగులుగా ఉన్నారనీ, పిట్టలకి కూడా వీళ్ల మొహాలు చూసి విసుగొచ్చి ఉంటుందనీ ఏదో అన్నాడు. ఆమె కండెలో దారం చుట్టుకుంటూ ఊఁ కొడుతోంది.

"అయినా నీ వల మహా గట్టిదక్కా. మీవాళ్లంతా దూరంగా పోయి నక్కుతారా, నేను అవతలి గట్టున జీపులో ఉంటానా. పిట్ట రివ్వున వచ్చి తగులుతుంది, పరుపు మీద పిల్లాడిలా ఎగిరి వెనక్కి పోతుంది. పడేది లేదు, చచ్చేది లేదు. ఆడుకుంటున్నాయనుకో."

ఆమె చేతిలో కండె ఆగింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగింది. డ్రైవర్ని ఎవరడుగుతారక్కా అని నవ్వి, గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

వలమ్మ తలుపు దగ్గరగా వేసి, ఒక వలను గోడ నుంచి గోడకి కట్టింది. చేతిరుమాలును ఉండచుట్టి విసిరింది. ఉండ వలకి తగిలి, తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది. మళ్లీ విసిరింది. మళ్లీ వచ్చింది. పని నేర్పిన రోజున పెద్దసారు స్వయంగా చూపించాడు. చిరుగు అల్లాక వలను అడ్డతాళ్లకి కట్టేటప్పుడు కొంత వదులు ఉంచాలి, అది సంచిలా కిందికి జారాలి, తగిలిన పిట్ట ఆ సంచిలో పడాలి. ఆమె తలూపింది కూడా. కానీ కూతురు రెల్లుకి వెళ్తున్న ఈ రెండేళ్లలో ఏ వలకీ వదులు ఉంచలేదు. ఇక్కడింత, అక్కడింత లోపలికి లాగి కట్టేసింది. మంచులో, మసకవెలుతురులో కట్టే ఖాళీ వల బిగుతుగా ఉందని ఎవరు చూస్తారు? ఆమే చూడలేదు. అది చేతులు చేసిన పనో, తను చేసిన పనో కూడా ఆమెకి తేలలేదు.

మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది. రేపటినుంచి కూతురు నీడపట్టున, బల్ల ముందు కూర్చుంటుంది. చెబితే పిల్ల రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. పైగా మళ్లీ ఆ నీళ్లలోకే పోవాలి. మూలలో వలలు కదిలాయి. గాలేనని తనకు తాను చెప్పుకుంది. కిటికీ మూసే ఉంది.

కమిటీ మొదలయ్యే ముందు కూతురు గదిలోకి వచ్చింది. ఇస్త్రీ బట్టలు వేసుకుంది, పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. తల్లి ముక్కాలి పీట మీద కూలబడి, ఇకనుంచి నువ్వు నిశ్చింతగా నిద్రపోవచ్చమ్మా అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

వలమ్మ ఆ మొహం వంక చాలాసేపు చూసింది.

"పిట్టలు ఎక్కడికీ పోలేదే. నా వలే పట్టుకోవట్లేదు."

కూతురికి అర్థం కాలేదు. వలమ్మ రుమాలు విసిరి చూపించింది. కూతురు లేచి, ఆ ఉండను తనే తీసుకుని, ఇంకో వలను కట్టి విసిరింది, మరో వలను కట్టి విసిరింది. ప్రతిసారీ అది ఎగిరి వెనక్కి వచ్చింది. చివరికి అలాగే నేలమీద గొంతుక్కూర్చుంది.

"ఎందుకమ్మా ఇలా చేశావు?"

"వదులు చూస్తే మీ నాన్న కాలు కనబడుతుందే."

కూతురు తిట్టలేదు. దగ్గరికి రాలేదు కూడా. లేచి, ఒక వలను కొక్కెం నుంచి తీసి భుజాన వేసుకుని మెట్లెక్కింది.

వలమ్మ పైగది బయట గోడకి ఆనుకుని నిలబడింది. లోపల కూతురి గొంతు, తరవాత ఎవరో విసుగ్గా కుర్చీ జరిపిన చప్పుడు, తరవాత చాలాసేపు ఏమీ లేదు. పిల్లని చదువులోంచి తీసేస్తున్నారేమో, కళ్లు తిరిగి పడిపోయిందేమో. చివరికి తలుపు తెరుచుకుని కూతురు బయటికి వచ్చింది.

కూతురు చెప్పిందాన్నిబట్టి పెద్దసారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రెండేళ్లుగా నేనూ వలను చేత్తో పట్టుకుని చూడలేదు కదా అన్నాడట. ఆ నేల సంగతి వచ్చే చలికాలం అయ్యేదాకా తేల్చొద్దని కమిటీవాళ్లు అన్నారట. ఇకమీదట వలలు ఎవరు బాగుచేస్తారని ఒకాయన అడిగితే, మా అమ్మే అని చెప్పిందట. ఈ చలికాలం ఇంకా కొంత మిగిలి ఉంది కాబట్టి ఈ సాయంత్రమే బయల్దేరాలి. రెల్లు పక్క కాపలా గుడిసెలోనే మకాం. మళ్లీ వచ్చే చలికాలం కూడా అంతే.

తల్లీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చుని ముడులు విప్పారు. వలమ్మ అడ్డతాడు మీద వలను వేలెడు మేర వదిలింది. చాలా అన్నట్టు చూసింది.

"ఇంకా" అంది కూతురు.

ఇంకొంచెం వదిలింది.

"ఇంకా అమ్మా."

వల జారి ఇద్దరి మోకాళ్ల మధ్యా సంచిలా దిగింది. వలమ్మ కళ్లు మూసుకుని ముడి వేసింది. అది సరిగా పడలేదు. కూతురు తల్లి వేళ్లమీద తన చెయ్యి వేసి, ముడి బిగిసేదాకా అలాగే ఉంచింది.

సాయంత్రం జీపు దగ్గర వలమ్మ చెప్పాల్సినవన్నీ చెప్పింది. కర్ర లేకుండా నీళ్లలో అడుగు పెట్టకు. వల విప్పేటప్పుడు ఒంటరిగా ఉండకు. తడిబట్టలతో పడుకోకు. డ్రైవరు నవ్వాపుకుంటూ అద్దం తుడుచుకుంటున్నాడు.

"నీళ్లు మోకాలిలోతేనమ్మా" అంది కూతురు.

"నడుములోతులోనే పోయారు మీ నాన్న."

కూతురు కిటికీలోంచి చెయ్యి చాచి తల్లి చెంప తాకింది. జీపు మేడ చుట్టూ తిరిగి, చెట్లు దాటి, మలుపులో కనబడకుండా పోయింది. చప్పుడు మాత్రం కాసేపు వినబడింది. తరవాత అది కూడా లేదు.

వలమ్మ గది తాళం వేసి, ఎప్పటిలాగే తాళాన్ని రెండుసార్లు లాగి చూసి, ఇంటిదారి పట్టింది. ఇల్లు పొద్దున వదిలి వెళ్లినట్టే ఉంది. మంచం మీద దుప్పటి చెదిరే ఉంది. దీపం వేస్తే కిటికీ గూట్లో కూతురు మరిచిపోయిన దువ్వెన కనబడింది. దాని పళ్ల మధ్య చిక్కిన ఒక పొడుగాటి వెంట్రుక, గాలికి అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది.