కాగితం గౌను

మధ్యాహ్నం రెండింటికి, వంటా గిన్నెలూ అయ్యాక, పన్నెండుమంది తల్లులు మందుల షాపు మీది గదికి కుట్టు నేర్చుకోవడానికి వస్తారు. నేర్పే ఆవిడని అందరూ కొలతలక్కయ్య అంటారు. మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు లేరు. మొదటి గంట చదువు. అంకెలు రాని చెయ్యి కత్తెర పట్టకూడదని ఆవిడ పట్టుదల. రెండో గంట కత్తిరింపు. ముందు పాత పేపరు మీద, అది కుదిరితేనే గుడ్డ మీద.

పేపరు ముక్కలు కలిపి గుండుసూదులు గుచ్చగానే అవి బల్ల మీద లేచి నిలబడతాయి. ఎవరి కొలతలైతే అచ్చం వాళ్లలాగే. ఒకావిడ చొక్కా ఎప్పుడూ నడుం పట్టుకునే ఉంటుంది. గాలికి పడిపోతాయని ఎంత ఉక్కపోసినా ఫ్యాను వెయ్యరు, ఆ విసుగు మాత్రం అందరికీ ఉంది.

కొత్తగా చేరిన ప్రతి మనిషీ ఒకే తప్పు చేస్తుంది. తన చొక్కా చేతులు రెండంగుళాలు పొడుగు కత్తిరిస్తుంది, మణికట్టు దాటేలా. కొలతలక్కయ్య ఎందుకని అడగదు. "ఉండనీ. తగ్గించాలనిపించిన రోజు నువ్వే చెప్పు," అంటుంది.

నవ్వులమ్మ కూడా అలాగే కత్తిరించింది. మొగుడు రాత్రి ఎంత కొట్టినా మర్నాడు క్లాసులో అందరికంటే ముందు పకపకా నవ్వేది ఆవిడే, అందుకే ఆ పేరు. యూనిఫారాలు కుట్టే పని ఉంది, వెనక గది ఖాళీగా ఉంది, పిల్లని తీసుకుని వచ్చెయ్యమని కొలతలక్కయ్య రెండుసార్లు చెప్పింది.

"నా సంగతి వదిలెయ్ అక్కయ్యా. పిల్ల జోలికి మాత్రం రాడు. నాకది చాలు," అనేది. ఆ ఒక్క మాట పట్టుకునే తొమ్మిదేళ్లు కాపురం ఈడ్చుకొచ్చింది.

ఆ రోజు ఏడేళ్ల కూతురికి గౌను కత్తిరించింది. సూదులు గుచ్చింది. కాగితం గౌను లేచి నిలబడి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"జబ్బ దగ్గర తేడా వచ్చింది," అని నవ్వులమ్మ నవ్వింది. సూదులన్నీ తీసి మళ్లీ గుచ్చింది. మళ్లీ అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వు రాలేదు.

మూడున్నరకి బడి వదిలారు. పిల్ల మెట్లెక్కి రాగానే తల్లి రెండు భుజాలూ పట్టుకుంది.

"నాన్న కొట్టాడా? నిజం చెప్పు, నేనేం అనను."

"నాన్న కాదు."

"మరెవరు?"

పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. "నువ్వే అమ్మా. నాన్న నిన్ను కొట్టిన మర్నాడు."

నవ్వులమ్మ అబద్ధం అనబోయింది. అంతలో పాలు ఒలికిన రోజు గుర్తొచ్చింది. చెప్పు కనపడని రోజు. ఊరికే ఎదురొచ్చిన రోజు. అన్నీ తన చేతివే. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకుంది.

"పోన్లే, ఏ తల్లి కొట్టదు?" అంది పక్క మిషను ఆవిడ, ఓదార్పుగా.

"ఆ మాట నాకు కాదు, ఆ గౌనుకి చెప్పు," అంది కొలతలక్కయ్య.

నాలుగింటికి ఇంటి తాళం కోసం మొగుడు వచ్చాడు. కూతురి కొలతల్లో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్న గౌను చూశాడు. ఎర్రబడ్డాడు.

"ఇది కూడా నా నెత్తినే రుద్దుతున్నావా? పిల్ల మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నానా?"

"లేదు. నీ దగ్గర తిన్నవన్నీ తెచ్చి దానికి నేనే పెట్టాను. ఇక తిననూ, పెట్టనూ. మేం ఆ ఇంటికి రావడం లేదు."

మిషన్లన్నీ ఆగిపోయాయి. పదకొండుమంది తల్లులు అతనికేసి చూశారు. అతను తాళంచెవి తీసుకుని దిగిపోయాడు.

"పని రేపటి నుంచి. గది ఇప్పటి నుంచి," అంది కొలతలక్కయ్య.

నవ్వులమ్మ పిల్ల ముందు కూర్చుని, ఇక కొట్టనని చెప్పింది. పిల్ల నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? ఆ వారమూ, పైవారమూ గౌను చెయ్యి దించలేదు.

ఒక సాయంత్రం, తల్లి యూనిఫారాలు కుడుతుంటే, పిల్ల మోచెయ్యి తగిలి గుండుసూదుల డబ్బా నేలంతా చిమ్మింది. పిల్ల బిగుసుకుపోయింది. నవ్వులమ్మ చెయ్యి లేచింది. లేచిన చేతిని ఆవిడే చూసుకుంది, హడలిపోయింది. ఆ చేత్తోనే దీపం దగ్గరికి లాగి, కిందకి వంగి సూదులు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి పిల్ల కూడా పక్కన కూర్చుంది.

బల్ల మీద గౌను చెయ్యి దించింది. తల్లీకూతుళ్లు బల్ల కింద ఉండి అది చూడనే లేదు.