టీవీలో మా ఆయన ఏడుపు

ఈ బతుకమ్మకు తొమ్మిది రోజులూ మా వీధి వీధంతా మా ఆయన్ని చూసి ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

శ్రావణంలో ఒక బట్టల షాపువాళ్లు పండుగ అడ్వర్టైజ్‌మెంట్ తీస్తామని నకిరేకల్ దగ్గరున్న మా ఊరికి వచ్చారు. ఇంకా గుంత మగ్గం ఉందని మా ఇల్లే ఎంచుకున్నారు. టీవీలో వచ్చేది ఇంతే. మా ఆయన లక్ష్మీనర్సయ్య మగ్గం మీద ఉంటాడు. పట్నంలో ఉద్యోగం చేసే బిడ్డనంటూ ఎవరో పిల్ల గడప దాటి వచ్చి, "బాపూ, నా బతుకమ్మ చీర నేసినవా?" అంటుంది. ఆయన చీర అందిస్తాడు. చెంప మీద ఒక్కటే కన్నీటి బొట్టు మెల్లగా జారుతుంది. వెనక సన్నాయి. ఆ తర్వాత షాపు పేరు, ఇరవై శాతం తగ్గింపు.

"సుభద్రమ్మా, మీ ఆయన గట్ల ఏడుస్తాంటే నా కడుపు తరుక్కపోయిందే," అని పక్కింటి జానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. సీరియల్ మధ్యలో నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ తుడుచుకుంది.

నా మంట వీళ్లకేం తెలుసు? మా బిడ్డ సింధూజ రెండేళ్ల కింద డెంగీ జ్వరంతో నాలుగే నాలుగు రోజుల్లో పోయింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఆ రోజు ఈ మనిషి కంట్లో చుక్క నీరు లేదు. దినం అయిన మర్నాడే మగ్గం గుంతలోకి దిగాడు. అప్పటి నుంచి నూలు చుట్టేటప్పుడు, వంట చేసేటప్పుడు ఒక్కదాన్నే ఏడుస్తున్నాను. ఒక్కసారి నా పక్కన కూర్చుని ఏడిస్తే చాలనుకున్నాను. అంతకంటే ఏమీ కోరలేదు. సరే, రాయిని కట్టుకున్నాననుకుని ఊరుకున్నాను. ఆ రాయి షాపు చీర కోసం కరిగిందా?

చివరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున మళ్లీ అదే వచ్చింది. టీవీ ఆపేసి మగ్గం ముందు నిలబడ్డాను.

"ఎవరో పిల్ల బాపూ అంటే ఏడుపొచ్చింది గానీ, మన బిడ్డ పోతే రాలేదా నీకు?"

ఆయన పోగు విసిరే నాడెను పక్కన పెట్టాడు.

"గప్పుడు అందరు ఏమన్నరు? నువ్వు మొగోడివి, నువ్వే ఏడిస్తే సుభద్ర ఏమైతది, గట్టిగ ఉండుమన్నరు. ఉన్న. గా డైరెక్టర్ ఒక్కడే నన్ను ఏడువమన్నడు."

తెగిన పోగు ఒకటి వేళ్లతో వెతికి ముడేశాడు.

"నా బిడ్డ నన్ను ఏమని పిలిచేదని అడిగిండు. బాపు అనేదన్న. గా పిల్ల గట్లనే పిలిచింది. ఇగ ఆగలే సుభద్రా. నేల మీద వడి మొత్తుకున్న. వాళ్లు బుగులువడి కెమెరా ఆపిన్రు. పండుగకు గింత ఏడుపు పనికిరాదని తీసేసిన్రు. మళ్ల తీస్తుంటే నా చెయ్యి ఊకె చీర అంచు తిప్పి చూసుడాయె. నేసిన చీరకు రెండు దిక్కుల రంగుంటది. షాపోళ్లు ఇచ్చింది అచ్చు ఏసిన చీర, ఎనక రంగే లేదు. డైరెక్టర్ తిట్టిండు. ఐదోసారికి కండ్లల్ల ఏదో మందు ఏసిన్రు. టీవీల కనవడేది గదే."

గుంత అంచున కూలబడి ఆయన భుజం పట్టుకున్నాను.

"ఇప్పుడు ఏడువు. నేను చెప్తున్న. నా ముందట ఏడువు."

ఆయన నిజంగానే ప్రయత్నించాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ రాలేదు.

"ఒడిసిపోయింది, ఇగ ఏం మిగల్లే," అన్నాడు.

"మరి షూటింగుల ఏడుపొచ్చినప్పుడు నన్నెందుకు పిలువలే?"

"పిలిచిన. నీ పేరు పెట్టే మొత్తుకున్న. బయట జనరేటర్ మోతల నీకు ఇనవడలే."

ఆ రోజు నేను వాకిట్లోనే ఉన్నాను. షూటింగ్ వాళ్లకు చాయ్ పోస్తూ, మా ఆయన హీరో అయ్యాడని జానమ్మతో చెప్పి నవ్వుతున్నాను.