గుండ్లమడుగు వంపులో సిగ్నల్

నేను ఒక రైలింజన్ని. పొడవు రెండు మూరలు. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మళ్ళీ కథ మధ్యలో అడ్డు రాకండి.

మనుషులు తమ పుట్టుక గురించి గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఆ వీలు లేదు. నా ఒంటి రేకు పామాయిలు డబ్బాది. లోపలి మోటారు ఒకప్పుడు ఏదో కారు అద్దాల మీద వాన నీళ్ళు తుడిచేది. చక్రాలు మాత్రం లేతు షాపులో పద్ధతిగా కోయించారు. మిగిలినదంతా పళ్ళ డాక్టరు సామాను, ఎందుకంటే నన్ను చేసింది నంద్యాలలో పళ్ళు పీకే శేషఫణి డాక్టరు.

ఆయనకు రైళ్ళంటే పిచ్చి. క్లినిక్కు వెనక పది సెంట్ల పెరడుంటే అందులో పట్టాలు పరిచాడు. కనకాంబరాల మడి మీదుగా మెయిన్ లైను పోయింది, కరివేపాకు చెట్టు చుట్టూ లూపు లైను పోయింది. ఆ మొక్కలన్నీ ఆయన భార్య వకుళమ్మగారివి. ఆవిడ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "రోడ్డు వెడల్పు చేసేవాళ్ళన్నా ముందు నోటీసు ఇస్తారు" అని ఒక్క మాట అని ఊరుకుంది.

పళ్ళు తొలిచే డ్రిల్లుతోనే డాక్టరు నాకు రివెట్ల చుక్కలు పెట్టాడు. పళ్ళ సందులు పూడ్చే సిమెంటుతోనే నా అతుకులు పూడ్చాడు. "నోరు అట్లే తెరిచి పెట్టుకోండి, ఇప్పుడే వస్తా" అని పేషెంటుకు చెప్పి పెరట్లోకి వచ్చి నా ముందర గుద్దుడు కాచే బఫరు అతికించి పోయేవాడు. ఈ బఫర్లు ఇంత గట్టిగా నిలవడానికి ఎన్ని నోళ్ళు ఎండిపోయాయో నాకు తెలుసు.

అప్పట్లో నేను నీలం రంగు డీజిలింజన్ని. పెట్టెకు కిటికీలు పెట్టినట్టుండేదాన్ని గానీ, సుఖంగానే ఉన్నాను. ఆ సుఖం హుసేన్ పీరాసాబు కట్టుడు పళ్ళ కోసం వచ్చిన రోజున పోయింది.

పీరాసాబు మీటరుగేజి రోజుల్లో నల్లమల అడవి దారిలో ఆవిరి ఇంజన్లు నడిపిన డ్రైవరు. వయసు డెబ్బై నాలుగు. కొలత తీసిన మైనం నోట్లోంచి తీయగానే కిటికీలోంచి నన్ను చూసి పెదవి విరిచాడు.

"డీజిలు. దీంట్లో కూర్చుంటే ఎవడికైనా అన్నీ కనపడతాయి సార్. మా ఇంజన్లో ముందర బాయిలరుంటాది, గోడ మాదిరి. నా బతుకు చెడగొట్టింది ఆ గోడే."

కథ అడక్కుండానే చెప్పాడు. ముప్పై ఏళ్ళ కింద గుండ్లమడుగు అనే అడవి స్టేషన్లోకి ఆయన ప్యాసింజరు బండిని తెస్తున్నాడు. స్టేషనుకు ముందు లైను కుడికి వంపు తిరుగుతుంది. డ్రైవరు చోటు ఎడమవైపు. సిగ్నల్ ఎర్రగా ఉంది. బండి దాన్ని దాటిపోయి, నిలబడి ఉన్న గూడ్సు చివరి పెట్టెను గుద్దింది. ఎవరూ చావలేదు. ఎంక్వైరీలో పీరాసాబు, బాయిలరు అడ్డముండి నాకు కనపడలేదు, కుడివంపులో సిగ్నల్ చూసి చెప్పాల్సింది కుడిపక్క నిలబడే ఫైర్‌మన్ ఓబులేసు, వాడు చెప్పలేదు అన్నాడు. పెద్దలు న్యాయంగా ఆలోచించి ఇద్దరినీ శిక్షించారు. పీరాసాబును యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే పనికి దించారు. ఓబులేసుకు డ్రైవరు ప్రమోషను శాశ్వతంగా పోయింది. ఇంకొకరు నడిపే రైళ్ళకు గేటు వేస్తూ తీస్తూ రిటైరయ్యాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. ముప్పై ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"వాడు ఒక్క కేక వేసింటే ఆపేవాణ్ణి సార్" అన్నాడు పీరాసాబు. "నాకు కనపడే సందే లేదు."

డాక్టరు కళ్ళు మెరిశాయి. ఒక ముసలాయనకు న్యాయం చేయాలని మెరిశాయని మీరనుకుంటే మీది మంచి మనసు. ఆయనకు కావలసింది నన్ను మళ్ళీ కోయడానికి ఒక సాకు.

పీరాసాబు ఎంక్వైరీ కాగితాలను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని తిరిగేవాడు. వకుళమ్మగారు వాటిని చదివి వంపు ఎంత, సిగ్నల్ ఎంత ఎత్తు, ఎంత దూరం అన్నీ ఇరవై రెండో వంతుకు తగ్గించి లెక్క కట్టి, పెరట్లో ఆ వంపూ ఆ సిగ్నలూ పెట్టించింది. "ఎట్లాగూ కనకాంబరాలు పోయినాయి, లెక్క అన్నా సరిగ్గా ఉండనీ" అంది. నాలుగు నెలలు నా నీలం పెట్టె ఊడబెరికి, నీళ్ళ పైపు ముక్కకు రేకు చుట్టి బాయిలరు పెట్టి, నన్ను ఆవిరి ఇంజను చేశారు. ఆవిరి మాత్రం లేదు. కడుపులో బ్యాటరీ, నెత్తిన పొగగొట్టం. బయటికి ఒకటి, లోపల ఒకటి. మొదటిసారి నేను పూర్తిగా మనిషిలా ఉన్నాననిపించింది.

నా ఎడమ కిటికీలో, డ్రైవరు కన్ను ఉండే ఎత్తులో, పేషెంట్ల నోట్లో పెట్టి చూసే చిన్న కెమెరా బిగించారు. అది చూసింది క్లినిక్కులో కుర్చీ పక్కనున్న తెర మీద కనపడుతుంది. రోజూ పుచ్చిపళ్ళు కనపడే తెర అది.

ఒక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరే ముందుగా నడిపి చూశారు. నేను మెల్లగా వంపు దగ్గరికి వచ్చాను. తెర మీద నా బాయిలరు, దాని పక్కన పట్టా, దాని చివర నిటారుగా సిగ్నల్. ఎర్రటి చెయ్యి అడ్డంగా చాపి ఉంది. ఇరవై అడుగుల పొడవునా అట్లాగే కనపడి, ఆ తర్వాత బాయిలరు వెనక్కి పోయింది.

వకుళమ్మగారు కాగితం చూసింది. "అసలు లైనులో ఇది నూట ముప్పై మీటర్లు. బండి స్పీడు తక్కువే. బ్రేకు వేస్తే ఆగేది. ఆయనకు కనపడిందండీ."

డాక్టరు తెర ఆర్పేశాడు. "డెబ్బై నాలుగేండ్ల మనిషి. నోట్లో ఒక్క పన్ను లేదు. ఇప్పుడు ఈ నిజం పెడితే దేంతో నములుతాడు?"

"అయితే ఏం చేస్తారు?"

ఏం చేశాడంటే, నా బాయిలరుకు ఇంకో మూడు చుట్లు రేకు చుట్టాడు. నంద్యాలలో యాభై దాటిన మగవాళ్ళందరికీ పొట్ట వస్తుంది గానీ, ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది నాకే. వకుళమ్మగారు గుమ్మంలో నిలబడి చూసింది. "పుచ్చిన పన్నుకు క్యాప్ వేసినట్టు వేస్తాండారు" అంది. డాక్టరు రేకు చుడుతూనే ఉన్నాడు.

మర్నాడు పీరాసాబును తెర ముందు కూర్చోబెట్టారు. నేను నా కొత్త పొట్టతో వంపు ఎక్కాను. మొదట్నించీ చివరిదాకా తెర నిండా బాయిలరే. సిగ్నల్ జాడ లేదు.

"చూసినారా" అన్నాడు డాక్టరు. "మీరు చెప్పిందే కరెక్టు."

ముప్పై ఏళ్ళ నింద తొలగిన మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన లేచి, చెప్పులు వేసుకొని పెరట్లోకి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా వీపు మీద అరచెయ్యి పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ చాపి చుట్టుకొలత చూశాడు. పళ్ళు లేని దవడ కాసేపు అటూ ఇటూ కదిలింది.

"ఇది మన ఇంజను కాదు సార్."

"ఎందుకు కాదు, లెక్క ప్రకారమే..."

"పదారేండ్లు దాని పక్కన నిలబడినా. దాని నడుమెంతో నాకు తెలీదా. ఆ రేకు తీసేయండి."

డాక్టరు చేతులు నలుపుకున్నాడు. రేకు కోసే కత్తెర తెచ్చింది వకుళమ్మగారే. మూడు చుట్లూ ఊడాయి. నేను మళ్ళీ కదిలాను. ఈసారి తెర మీద ఎర్రటి చెయ్యి చక్కగా, ఏ మొహమాటమూ లేకుండా కనపడింది. అది బాయిలరు వెనక్కి పోయేదాకా పీరాసాబు రెప్ప వేయలేదు.

"బీడీ ముట్టిచ్చుకుంటా ఉంటి" అన్నాడు.

వకుళమ్మగారు కత్తెర కింద పెట్టింది.

"గాలికి రెండు పుల్లలు ఆరిపోయినాయి. మూడోది అంటుకొని తలెత్తేసరికి వంపులో ఉన్నాం. ఓబులేసు బొగ్గేస్తా ఉండె. వెయ్యమని చెప్పింది నేనే. వంగి బొగ్గేసేవాడు సిగ్నలెట్ల చూస్తాడు?"

మనుషులకు నిజం కావాలట. తనకు బాగా తెలిసిన సంగతిని తెలుసుకోవడానికి ఈయనకు ముప్పై ఏళ్ళు పట్టింది. మధ్యలో నా నీలం పెట్టె పోయింది. అయినా ఆ రోజు నాకు వెటకారం రాలేదు. ఆయన చెయ్యి ఇంకా నా వీపు మీద ఉన్నట్టే అనిపించింది.

నా పనిలో పడి ఆలస్యమైన కట్టుడు పళ్ళు తయారైనా పీరాసాబు తీసుకుపోవడానికి రాలేదు. ఐదో రోజు పొద్దున వచ్చాడు. వెనకాల పదడుగుల దూరంలో, భుజాన తువ్వాలుతో సన్నగా ఒకాయన. ఓబులేసు. దారంతా ఇద్దరూ మాట్లాడుకున్నట్టు లేదు.

పెరట్లో మా అందరి ముందూ పీరాసాబు బీడీ సంగతి చెప్పాడు. ఎక్కడా తగ్గించలేదు. ఓబులేసు నా చక్రాల వంక చూస్తూ విన్నాడు.

"తెల్సు" అన్నాడు. "ఆ పొద్దు నాకు వాసనొచ్చె."

"మరి ఎంక్వైరీలో చెప్పలేదేం?" వకుళమ్మగారు ఉండబట్టలేక అడిగింది.

"పెద్ద డ్రైవరు గదమ్మా. నాకు పని నేర్పినాయన. ఆయనే చెప్తాడులే అనుకుంటి." తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "ఇంతసేపు పడ్తాదనుకోలా."

పీరాసాబు తల వంచుకున్నాడు. డాక్టరు ఏం చేయాలో తోచక నన్ను నడిపే రిమోటు ఓబులేసు చేతిలో పెట్టాడు. నొప్పి ఎక్కడున్నా చేతికి అందింది పెట్టేయడం డాక్టర్ల అలవాటు.

ఓబులేసు దాన్ని తిప్పి తిప్పి చూసి, మెల్లగా మీట నొక్కాడు. నన్ను ఎందరో నడిపారు. డాక్టరు నడిపితే ఎగురుతాను, ఆయన మిత్రులు నడిపితే పట్టా దిగుతాను. ఈయన నడుపుతుంటే మోటారు మొదలైన సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది. లోపల నిండు బండి జనం కూర్చున్నారన్నట్టు నడిపాడు. సిగ్నల్ ఎర్రగా కనపడగానే ఆపాడు. వకుళమ్మగారు దారం లాగి సిగ్నల్ చెయ్యి దించాకే కదిలించాడు. ఒక చుట్టు, రెండు, ఐదు. డ్రైవరు కావాలనుకున్న అరవై ఆరేళ్ళ మనిషి డ్రైవరయ్యాడు, మొహంలో ఒక్క గీత కదలలేదు. పీరాసాబు పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

ఆరో చుట్టులో ఓబులేసు తల తిప్పకుండానే అన్నాడు, "ఏం నిలబడినావు? ఆ పక్కకు పో. సిగ్నల్ చూసి చెప్పు."

ఇంజనెక్కిన రోజుల్లో పీరాసాబును ఓబులేసు 'సాబ్, మీరు' అనే పిలిచేవాడని తర్వాత వకుళమ్మగారు అంటుంటే విన్నాను.

పీరాసాబు మోకాళ్ళు పట్టుకుంటూ వంపుకు కుడివైపు పోయి మట్టిలో కూర్చున్నాడు. నేను సిగ్నల్ ముందు ఆగాను. దారం లాగారు, చెయ్యి దిగింది.

"రైట్" అన్నాడు పీరాసాబు. బోసినోట్లోంచి అది గాలిలాగా వచ్చింది.

ఓబులేసు మీట ముట్టుకోలేదు. "వినపల్లా. గట్టిగ చెప్పు."

పీరాసాబు గొంతు సవరించుకొని, గోడ అవతల వీధికి కూడా వినపడేట్టు అరిచాడు. అప్పుడు ఓబులేసు నన్ను కదిలించాడు.