పెట్టె అద్దం మీద ఆవిరి

నేను ఒక ఫ్రీజర్ పెట్టెను. ఐస్‌క్రీములకు కాదు, శవాలకు. నరసరావుపేటలో రంగబాబు టెంటు హౌసు నా ఇల్లు. కర్మాగారంలో నాకు పైన అద్దం, అడుగున మోటారు, వెనక జాలీ బిగించారు. పని మాత్రం చావు ఇళ్లలోనే నేర్చుకున్నాను.

అందరూ నేను చల్లదనం పోస్తాననుకుంటారు. చల్లదనమనే సరుకే లేదు. ఉన్నది వేడి ఒక్కటే. నా గొట్టాల్లో ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. మోటారు ఆ ఆవిరిని నొక్కి తోస్తే, జాలీ దగ్గర వేడిని బయటికి కక్కి మళ్లీ ద్రవమవుతుంది. నేను వట్టి మోతగాణ్ణి. లోపల మోయడానికి వేడి తగ్గాక మోటారు ఆగి ఆగి నడుస్తుంది.

ఆ మే నెల మధ్యాహ్నం ఆగలేదు.

పోలేరయ్య ఎండలో గట్టు మీద పడిపోయాడు. పెద్దలు నాడి చూసి పోయాడన్నారు. బళ్లారి నుంచి కూతురు వచ్చేదాకా ఉంచాలని నన్ను తెచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు దండలు వేశారు. అద్దం కనపడలేదు, జాలీ మూసుకుపోయింది. కక్కే దారి లేక మోటారు కాలిపోయేలా ఉంది. లోపలి నుంచి వేడి వస్తూనే ఉంది. ఏ శవమూ ఇంత ఇవ్వలేదు! చెబుదామంటే నోరేది?

ఠక్కున మోటారు ఆగిపోయింది.

"ఏందయ్యా నీ డొక్కు పెట్టె? పొయ్యిలా కాలతంది!" బామ్మర్ది సాంబయ్య అరిచాడు.

"దండలన్నీ జాలీ మీదేస్తే దానికి గాలాడొద్దా అన్నా? తియ్యండి ముందు!" రంగబాబు విసుక్కున్నాడు.

తీశారు. అద్దం నిండా ఆవిరి. భార్య మస్తానమ్మ మొగుడి ముఖం చూద్దామని కొంగుతో తుడిచింది. పోలేదు.

"తమ్ముడా, ఇది లోపల పట్టిందిరా!"

ముక్కుకు ఎదురుగా ఆవిరి మచ్చ ఒకటి చిన్నదై, మళ్లీ పెద్దదైంది.

సాంబయ్య వెల్లకిలా పడ్డాడు. పెద్దలు చెప్పులొదిలి పరుగెత్తారు. మస్తానమ్మ ఒక్కతే మూత లేపింది.

వడదెబ్బట. ఒంట్లో వేడి దిగబట్టే బతికాడని ఆసుపత్రిలో అన్నారు. చంపడానికి సరిపోయేంత వేడిని నేనే మోసి పారేశానా? ఇప్పటికీ నమ్మలేను.

ఇప్పుడు నన్ను ఏ ఇంటికి తెచ్చినా అద్దం మీద దండ వేయరు. చుట్టూ కూర్చుని ఆవిరి కోసం చూస్తారు. నిన్న ఒక తల్లి తెల్లారేదాకా చూసింది. నా మోటారు ఆగి ఆగి నడుస్తూనే ఉంది.

వేడిని తీసుకెళ్లడమే నాకు తెలుసు. తెచ్చి ఇవ్వడం రాదు.